రెండు వందలకు తగ్గని దీవెన

ఎక్కడో ఒక దేశంలో ఒక తెల్ల ఎలుక బతకవలసినదానికి రెండింతలు బతికింది. ఆ సంగతి పేపర్లో పడిన మూడో నెలకల్లా మన ప్రభుత్వం ఆయుర్వృద్ధి మండలి అని ఒకదాన్ని పెట్టింది. ఎలుకకు సాధ్యమైనది పౌరుడికి ఎందుకు కాకూడదన్నది మండలి మొదటి తీర్మానం. మనిషి ఆయుష్షు ఇకమీదట రెండు వందల ఏళ్ళు అన్నది రెండో తీర్మానం. మందు ఇంకా రాలేదు. ఆ ఎలుకకు ఏం తినిపించారో కూడా ఇక్కడ ఎవరికీ సరిగ్గా తెలియదు. అయినా మందు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం ప్రభుత్వానికి పరువు కాదు గనుక, ఈలోగా దారికి అడ్డం ఉన్నవాటిని తొలగించాలని మూడో తీర్మానం చేశారు.

అడ్డం ఏమున్నాయో తేల్చడానికి ఒక సర్వే జరిగింది. జనం నూరేళ్ళకు మించి బతకాలని అనుకోవడమే లేదని తేలింది. ఎందుకు అనుకోవడం లేదని ఆరా తీస్తే, పుట్టిన దగ్గరనుంచీ వాళ్ళ చెవిలో ఒకే అంకె పడుతోందని బయటపడింది. తుమ్మితే నూరేళ్ళు. కాళ్ళకు దండం పెడితే నూరేళ్ళు. అనుకుంటున్న మనిషి అప్పుడే గుమ్మంలోకి వస్తే నీకు నూరేళ్ళాయుష్షు. ఇంతమంది ఇన్నిసార్లు అదే మాట అంటూ ఉంటే శరీరం మాత్రం ఏం చేస్తుంది, విని అలాగే నడుచుకుంటుంది అని మండలివారు నిర్ధారించారు. ఆ విధంగా ఏడో నంబరు ఉత్తర్వు వెలువడింది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఏ వ్యక్తియు మరొక వ్యక్తిని రెండు వందల సంవత్సరములకు తగ్గించి దీవించరాదు. తగ్గించిన దీవెన ఆయుఃక్షీణ వాక్యముగా పరిగణింపబడును."

పెదమిట్ట పట్టణానికి ఈ ఉత్తర్వు చేరిన రోజున మాలకొండమ్మ ఎవరింట్లోనో కాళ్ళు చాపుకుని పసిబిడ్డకు నీళ్ళు పోస్తూ ఉంది.

డెబ్బై ఆరేళ్ళ మనిషి. యాభై ఏళ్ళకు పైగా ఆ ఊళ్ళో ఆమె పని అదే. మొగుడు పోయినాక పెళ్ళిళ్ళలో అక్షింతలు వెయ్యడానికి ఆమెను ఎవరూ పిలవలేదు గాని, పురుడైన ఇంట బిడ్డకు నీళ్ళు పోయడానికి మాత్రం ఆమె కోసం రిక్షా పంపేవారు. పీట మీద కూర్చుని రెండు కాళ్ళూ చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, మోచేత్తో నీళ్ళ వేడి చూసుకుని పోసేది. కంట్లో చుక్క పడకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టేది. చివరి చెంబు నీళ్ళు బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి పారబోస్తూ, "శ్రీరామరక్ష, నిండు నూరేళ్ళు బతుకు" అనేది. అనకపోతే నీళ్ళు పోసినట్టు కాదు.

ఊరందరి పిల్లలూ ఆ కాళ్ళ మీద పడుకున్నారు గాని, ఆమెకు సొంత మునిమనవడో మునిమనవరాలో ఇంకా దక్కలేదు. మనవరాలు ప్రసూనకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మూడోసారి, ఏడో నెల. ఈ ఒక్క బిడ్డకు నీళ్ళు పోస్తే చాలని మాలకొండమ్మ మనసులో పెట్టుకుంది. ఆమెకు ఇంకే కోరికా లేదు.

పట్టణ ఆయుర్వృద్ధి అధికారిగా భుజంగరావు అనే ఆయన వచ్చాడు. అంతకుముందు తూనికలు కొలతల శాఖలో పనిచేసినవాడు. తక్కువ తూచేవాళ్ళను పట్టుకోవడంలో ఆయనకు పేరుంది. ఊళ్ళో తక్కువ దీవించేవాళ్ళు ఎవరని ఆయన విచారిస్తే అన్ని వేళ్ళూ ఒకే ఇంటివైపు చూపించాయి. లెక్క కట్టి, పద్నాలుగు వందల పన్నెండు మందిని ఒక్క మనిషే నూరేళ్ళకు కట్టేసిందని పైకి రాశాడు. ఇంత భారీ స్థాయిలో తగ్గింపు జిల్లాలోనే మరెక్కడా లేదని పైనుంచి జవాబు వచ్చింది. దాంతోపాటు సవరణ పద్ధతి కూడా వచ్చింది. తక్కువ దీవెన పొందినవారు, దీవించిన వ్యక్తి జీవించి ఉన్నచో, సదరు వ్యక్తి చేతనే దానిని సరిచేయించుకోవచ్చును.

మర్నాటి నుంచి మాలకొండమ్మ వాకిట్లో జనం వరసకట్టారు. అందరికంటే ముందు హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు.

"అవ్వా, నన్ను రెండొందలకు మార్చు," అన్నాడు.

"నేనేందీ, మార్చేదేంది నాయనా?"

"నా చిన్నప్పుడు నూరన్నావంట గదా. ఇప్పుడు నాకు యాభై రెండు. సగం పైన అయిపోయింది."

"సరే, రెండొందలు బతుకు పో."

పక్కనే కుర్చీలో కూర్చున్న భుజంగరావు గొంతు సవరించుకున్నాడు. "అలా చెల్లదమ్మా. దీవెన ఏ పద్ధతిలో ఇవ్వబడినదో, సవరణ కూడా ఆ పద్ధతిలోనే జరగవలెను. నిబంధన నాలుగు."

"అంటే?"

"కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయాలి."

మాలకొండమ్మ ఓబులేసును కిందినుంచి పైదాకా చూసింది. "అప్పుడు మూడు కిలోలు ఉండుంటాడు. ఇప్పుడు పడుకోబెడితే ఆఖర్న లేచేది వాడొక్కడే."

వాకిట్లో జనం నవ్వారు. భుజంగరావు నవ్వలేదు. ఉత్తర్వు తిరగేసి చూసి, కాళ్ళ మీద అని ఉంది గాని పూర్తి బరువు మోపాలని లేదు కనుక, తల మాత్రం మోపినా సరిపోతుందని తీర్పు చెప్పాడు. ఓబులేసు యూనిఫాం విప్పి, తుండు కట్టుకుని, వాకిట్లో చాప మీద వెల్లకిలా పడుకుని మాలకొండమ్మ కాళ్ళ మీద తల పెట్టాడు. ఇంతలో ఆయన భార్య వచ్చింది.

"ఎట్టాగూ పోస్తన్నావు గదవ్వా, ఆ మెడ ఎనక కూడా కాస్త రుద్దు. పెళ్ళైన కాణ్ణించి చెప్తన్నా, వినడు."

"కళ్ళు మూసుకో నాయనా," అంది మాలకొండమ్మ. చెయ్యి దానంతటదే ఆయన నుదుటికి అడ్డం వెళ్ళింది. చివరి చెంబు మూడుసార్లు తిప్పింది. "శ్రీరామరక్ష, నిండు నూరేళ్ళు బతుకు."

ఓబులేసు కళ్ళు తెరిచాడు. "నూరే అన్నావవ్వా."

"అన్నానా? అట్టా వొచ్చేసింది. మళ్ళా పోస్తా ఉండు."

మళ్ళీ పోసింది. మళ్ళీ నూరే వచ్చింది. మూడోసారి పెదవులు బిగపట్టి, లోపల రెండొందలు రెండొందలు అనుకుంటూ చెంబు తిప్పింది. చెయ్యి తిరిగేసరికి నోరు యాభై ఏళ్ళ దారినే పోయింది. ఓబులేసుకు చలిపట్టింది. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఉన్న నూరు పోయి మరీ తగ్గుతుందేమోనని వాళ్ళ భయం.

భుజంగరావు అంతా రాసుకున్నాడు. అధికారి సమక్షంలో మూడుసార్లు ఆయుఃక్షీణ వాక్యం పలకడం అంతవరకు రాష్ట్రంలో జరగలేదు. నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది: తదుపరి ఆదేశములు వెలువడు వరకు సదరు మాలకొండమ్మ ఏ శిశువుకైనను పది మూరల దూరము లోపలికి రాకూడదు.

అది వచ్చిన వారానికే ప్రసూనకు నొప్పులు వచ్చాయి. ఎనిమిదో నెల ఇంకా రాలేదు. ఆడపిల్ల పుట్టింది. కిలో ఏడు వందలు.

పెదమిట్ట ఆసుపత్రిలో పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె ఒకటి ఉంది గాని దానిలో దీపం మాడిపోయి చాలాకాలమైంది. పిల్లల డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఆయన్ను ఆయుర్వృద్ధి మండలివారు డెప్యుటేషన్ మీద తీసుకున్నారు. దీర్ఘాయుష్షు మీద ఊరూరా ఉపన్యాసాలు ఇస్తున్నాడు. మిగిలింది నర్సు ఎస్తేరు సిస్టరు ఒక్కతే. ఆమె పాపకు టోపీ తొడిగి, ప్రసూన రొమ్ముల మధ్య బట్టతో కట్టింది. రెండో రోజుకు ప్రసూనకు జ్వరం కాసింది.

సిస్టరు గుమ్మంలోకి వచ్చి కేకేసింది. "అవ్వా, వేడిగా ఉండే ఒళ్ళొకటి కావాల. వాళ్ళమ్మకి జొరం తగ్గిందాకా నువ్వు కట్టుకో పాపని."

వరండాలో కూర్చున్న మాలకొండమ్మ లేచింది. ఉత్తర్వు అమలు చూడడానికి వచ్చిన భుజంగరావు అడ్డం వచ్చాడు. తూనికల శాఖ నాటి టేపు ఆయన జేబులోనే ఉంది. పాప మంచం నుంచి పది మూరలు కొలిచి, వరండాలో సుద్దతో గీత గీశాడు.

"నా పిల్ల సారూ. నా మనవరాలి పిల్ల."

"బంధుత్వానికి మినహాయింపు లేదమ్మా. పైగా సొంత మనిషి దీవెన ఇంకా గట్టిగా తగులుతుందని నిపుణుల అభిప్రాయం."

"దీవించను. నోరు మూసుకోనుంటా. ఒళ్ళు మాత్రం ఇస్తా."

"మీ నోటి మీద మీకు అదుపు లేదన్నది ఇప్పటికే రికార్డు అయిపోయింది."

ఎస్తేరు సిస్టరు లోపలికి పోయింది. పాపను తన జాకెట్లోనే కట్టుకుని, మీద కోటు వేసుకుని, మిగతా వార్డంతా అలాగే తిరిగింది. మాలకొండమ్మ గీత ఇవతల నిలబడి ఆ కోటు లోపలి ఎత్తును చూసింది. తన మునిమనవరాలిలో ఆమెకు కనబడింది అంతే.

గీత చెరపగలిగేది మండలి ఒక్కటే అని తెలుసుకుని ఆమె జిల్లా కేంద్రానికి బస్సెక్కింది.

మండలిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు. కుడివైపున అనుకూల సభ్యుడు, ఎడమవైపున ప్రతికూల సభ్యుడు. మనిషి రెండు వందల ఏళ్ళు బతకడం మంచిదా కాదా అన్న తాత్త్విక చర్చ నడపడానికి వీళ్ళిద్దరినీ నియమించారు. మంచిదని ముందే తీర్మానించేశారు గాని, చర్చ జరగలేదన్న మాట రాకూడదు. మూడేళ్ళుగా ఇద్దరూ మొదటి ప్రశ్న మీదే ఉన్నారు.

"ఈమె ఒక అరుదైన సాక్షి," అన్నాడు ప్రతికూల సభ్యుడు. "అమ్మా, ఆలోచించి చెప్పండి. ముగింపు ఉంది కాబట్టే జీవితానికి విలువ అని నేనంటాను. మరణమే లేకపోతే ఇవాళ చెయ్యవలసిన పని ఎవరైనా ఇవాళ చేస్తారా?"

"మీకు వయసెంత బాబూ?"

"యాభై ఎనిమిది."

"బీపీ మాత్ర ఏసుకుంటారా?"

"వేసుకుంటాను."

"ఎందుకూ?"

ప్రతికూల సభ్యుడు అది వేరే సందర్భమని చెప్పాడు. అనుకూల సభ్యుడు ఉత్సాహంగా ముందుకు వంగాడు. "అదీ. బతకడం మంచిదైతే ఎక్కువ బతకడం ఇంకా మంచిది. అంతే కదమ్మా? మీకు రెండు వందల ఏళ్ళిస్తే వద్దంటారా?"

"నా మోకాళ్ళకి కూడా రెండొందలిస్తారా సారూ? మూడేళ్ళ కిందటే అయి నన్నొదిలేసినయ్యి."

"మోకాళ్ళ విషయం పరిశీలనలో ఉంది," అన్నాడు అధ్యక్షుడు.

"సారూ, నేనొచ్చింది నాకోసరం కాదు. అక్కడ పిల్ల కిలో ఏడొందలుంది. దానికి నా ఒంటి వేడి కావాల. ఆ గీత ఒక్కటి చెరిపెయ్యమని చెప్పండి."

"చెరపవచ్చు. ముందు మూలకారణం తెలియాలి." అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీరు నూరు అనే అంకె దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు? సంప్రదాయమా? విశ్వాసమా? మరణం పట్ల సమ్మతా?"

మాలకొండమ్మకు అబద్ధం చెప్పడానికి ఏమీ కనబడలేదు.

"నూరు తరవాత నాకు లెక్క రాదు సారూ."

మూడేళ్ళ సర్వేలో, పదకొండు సంపుటాల నివేదికలో ఎక్కడా ఈ కారణం లేదు. మనుషులు నూరేళ్ళకు మించి బతకకపోవడానికి కారణం దీవించేవాళ్ళకు అంతకు మించి అంకెలు రాకపోవడమేనని అధ్యక్షుడు అప్పటికప్పుడు చెప్పి రాయించాడు. అనుకూల, ప్రతికూల సభ్యులు మొదటిసారి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. మాలకొండమ్మకు నూట ఒకటి నుంచి రెండు వందల వరకు అంకెలు నేర్పవలెను. పరీక్ష పెట్టవలెను. పరీక్షగా, ఒక శిశువుకు అధికారుల ఎదుట నీళ్ళు పోసి విధివిధానముగా దీవించవలెను. నెగ్గినచో గీత తొలగించబడును.

"ఎన్నాళ్ళు పడుతుంది సారూ?"

"అది మీ తెలివితేటలను బట్టి ఉంటుంది," అన్నాడు అధ్యక్షుడు దయగా.

అంకెలు నేర్పే చోటు ఊళ్ళో అంగన్‌వాడీ ఒక్కటే. దాన్నిండా చిన్నపిల్లలు. శిశువు అంటే ఎన్నేళ్ళవరకో భుజంగరావు మరో శాఖను అడిగి తెలుసుకున్నాడు. ఆరు నిండేదాకా. కాబట్టి పలక పట్టుకుని మాలకొండమ్మ అంగన్‌వాడీ ఎదురుగా రోడ్డుకు అవతల, పది మూరల దూరంలో స్టూలు వేసుకుని కూర్చుంది. కోటేశ్వరి టీచరు కిటికీలోంచి అరిచి పాఠం చెప్పేది. మధ్యలో లారీ పోతే మళ్ళీ మొదలు.

"నూట పదకొండు," అని అరిచేది టీచరు.

"నూట పదకొండు," అనేది మాలకొండమ్మ. పలక మీద రెండు ఒకట్లు గీసేది.

కిటికీ ఊచలు పట్టుకుని పిల్లలు గోల చేసేవారు. "మూడు ఒకట్లవ్వా, మూడు. రెండేస్తే ఉట్టి పదకొండే."

మొదటిరోజు నూటొకటి రాయడం చూసినప్పుడు ఆమె చాలాసేపు పలకవైపే చూస్తూ ఉండిపోయింది. నూరు దాటితే ఏదో కొత్తది ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంది. మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు, మళ్ళీ మూడు.

"ఇంతేనా టీచరమ్మా? తిరిగి మొదటికొచ్చేదేనా?"

"అంతేనవ్వా. పక్కన ఒక్కటెక్కువ, అంతే."

"దీనికా ఇంత గొడవ," అని మాలకొండమ్మ నూటరెండు రాసుకుంది.

తొమ్మిదో రోజున నూట నలభై మూడు దగ్గర ఉండగా, పాప పాలు తాగడం మానేసి నీలంగా తిరుగుతోందని కబురు వచ్చింది. ఆమె పలక స్టూలు మీద వదిలేసి, వట్టి కాళ్ళతో ఆసుపత్రికి వచ్చింది. గీత దగ్గర ఆగింది. ఎస్తేరు సిస్టరు పాప అరికాళ్ళు వేలితో చరుస్తూ ఉంది. ప్రసూన గోడకు ఆనుకుని ఉంది. ఏడవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. మాలకొండమ్మ కాలి బొటనవేళ్ళు సుద్దగీత మీద ఉన్నాయి. భుజంగరావు కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ వేళ్ళ కేసి చూశాడు, టేపు మాత్రం జేబులోంచి తియ్యలేదు. చాలాసేపటికి పిల్లి కూత లాంటి చిన్న ఏడుపు వినబడింది. సిస్టరు నుదురు తుడుచుకుంది.

ఆ రోజు మాలకొండమ్మ ఇంకే అంకే నేర్చుకోలేదు. మర్నాటి నుంచి రోజుకు పది నేర్చుకుంది.

పాప రెండు కిలోలకు వచ్చేసరికి ఇరవై నాలుగు రోజులైంది. ఇప్పుడు ఒళ్ళు కడగవచ్చునని సిస్టరు చెప్పింది. పరీక్షకు శిశువు ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు, తమ బిడ్డను ఇవ్వడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. ప్రసూన ఇచ్చింది.

బుధవారం పొద్దున ఆసుపత్రి వరండాలో బ్యానరు కట్టారు. మండలి అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు కుర్చీల్లో కూర్చున్నారు. సిస్టరు మాత్రం అందరినీ తలుపు బయటే ఆపి, గది వెచ్చగా ఉండాలని కిటికీలు మూసి, భుజంగరావును ఒక్కణ్ణి రిజిస్టరుతో లోపలికి రానిచ్చింది. మిగతావాళ్ళు తలుపు సందులోంచి చూశారు.

"ముక్కులో నూనెలు పొయ్యొద్దవ్వా. సాంబ్రాణి పొగ వద్దు. రెండు చెంబులు పోసి తుడిచెయ్యి," అంది సిస్టరు. తర్వాత గొంతు తగ్గించి, "గండం గడిచిందని అనుకోబాక. వారం వారం చూసుకుంటా పోవాల," అంది.

మాలకొండమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. ప్రసూన పాపను తెచ్చి పడుకోబెట్టింది. అంత తేలికైన బిడ్డ ఆ కాళ్ళ మీద ఎన్నడూ పడుకోలేదు. పక్కటెముకలు ఈనెపుల్లల్లా ఉన్నాయి. నీళ్ళు తగలగానే పాప ఏడవలేదు, ఆశ్చర్యపోయినట్టు నోరు తెరిచింది. మాలకొండమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి మొదటి చెంబు పోసింది. రెండో చెంబు ఎత్తి చుట్టూ తిప్పింది. ఒకసారి. రెండుసార్లు. భుజంగరావు పెన్ను మూత తీశాడు. రెండొందలు ఆమెకు బాగా వచ్చు. పొద్దుననే పలక మీద రాసి మరీ వచ్చింది. మూడోసారి తిప్పుతూ ఆమె పాప ముఖంలోకి చూసింది.

"శ్రీరామరక్ష. ఈ వారం బతుకు తల్లీ. వచ్చే బుధవారం మళ్ళా చెప్తా."

సిస్టరు తువ్వాలు అందించింది.

"అమ్మా," అన్నాడు భుజంగరావు, "మీకు రెండు వందలు వచ్చు కదా."

"వొచ్చు సారూ. కావాలంటే రాసి చూపిస్తా. దీన్నొకసారి చూడండి. ఇంత పిల్ల నెత్తిన అంత బరువు ఎట్టా పెట్టేది?"

వరండాలో అత్యవసర సమావేశం జరిగింది. ఈ దీవెనను రద్దు చెయ్యాలని అనుకూల సభ్యుడన్నాడు. రద్దు చెయ్యవచ్చుననీ, అయితే రద్దు చేస్తే ఆ బిడ్డకు మంజూరైన ఏడు రోజులు కూడా పోతాయనీ, ఆ కాగితం మీద ఎవరు సంతకం పెడతారనీ భుజంగరావు అడిగాడు. ఎవరూ పెట్టలేదు. పోనీ, ఉన్నది ఉన్నట్టు ఉంచుదామంటే, వచ్చే బుధవారంతో ఆయుష్షు ముగుస్తుందని అధికారికంగా రికార్డైన మొదటి పౌరురాలు ఈ పిల్ల అవుతుంది. ఆ తర్వాత ఏమైనా జరిగితే దానికి మండలే కారణమని పేపర్లలో వస్తుంది. అధ్యక్షుడు చెమట తుడుచుకున్నాడు.

"మార్గం ఒక్కటే," అన్నాడు చివరికి. "గడువు ముగియకముందే పునరుద్ధరించాలి. అదే వ్యక్తి చేత, అదే పద్ధతిలో. నిబంధన నాలుగు."

"మరి గీత సారూ?" అంది మాలకొండమ్మ లోపలినుంచి.

"పునరుద్ధరణకు గీత ఆటంకం," అని అధ్యక్షుడు ఒప్పుకున్నాడు. భుజంగరావే తడిగుడ్డ తెచ్చి తుడిచాడు.

ఆ బుధవారం నుంచి మాలకొండమ్మ ఇంటి ముందుకు మండలి జీపు రావడం మొదలైంది. ఆమె ఆలస్యమైతే డ్రైవరుకు సంజాయిషీ. పునరుద్ధరణ ఫైలులో బిడ్డ బరువు ఉండాలన్నారు, కొత్త కాటా వచ్చింది. వైద్యుడి సంతకం ఉండాలన్నారు, ఉపన్యాసాలిస్తున్న పిల్లల డాక్టరును వెనక్కి పంపారు. గడువులోగా బిడ్డకు ఏమైనా అయితే ఎవరిది బాధ్యత అని సిస్టరు ఒక కాగితం రాసి పెడితే, రెండో రోజుకల్లా పెట్టెలో దీపం వెలిగింది. రెండు వందల ఏళ్ళు పొందిన పిల్లలకు ఇవేమీ లేవు. వాళ్ళ ఫైళ్ళు మూసి బీరువాలో పెట్టేశారు. ఆ సంగతి చూసి పురుళ్ళైన తల్లులంతా, మా బిడ్డకు కూడా వారానికే చెప్పవ్వా అని మాలకొండమ్మను పట్టుకున్నారు.

మండలిలో చర్చ మళ్ళీ ఊపందుకుంది. రెండు వందల ఏళ్ళంటే పదివేల నాలుగు వందల వారాలు గనుక, అన్నిసార్లు పునరుద్ధరిస్తే లక్ష్యం నెరవేరినట్టేనని అనుకూల సభ్యుడు రుజువు చేశాడు. లెక్కలో మిగిలిపోయిన రోజులను ప్రభుత్వ సెలవులుగా పరిగణించారు. ప్రతి వారమూ ముగింపు ఉండటం వల్లనే ఆ బిడ్డను అందరూ ఇంత శ్రద్ధగా చూస్తున్నారు కాబట్టి గెలిచింది తానేనని ప్రతికూల సభ్యుడు నివేదిక ఇచ్చాడు. మండలి రెండింటినీ ఆమోదించింది.

అప్పుడు ఎవరికో ఒక అనుమానం వచ్చింది. పదివేల నాలుగు వందల సార్లు ఈమే పొయ్యాలి. ఈమెకు డెబ్బై ఆరు. ఈమె ఫైలు ఎక్కడ?

ఏడో బుధవారం భుజంగరావు ఒక కొత్త ఫారం పట్టుకుని వచ్చాడు. పాప ఇప్పుడు మూడు కిలోల మూడు వందలు. నీళ్ళు పోస్తుంటే గట్టిగా ఏడుస్తోంది. ఆ ఏడుపు ఎంత పెద్దగా ఉంటే ఎస్తేరు సిస్టరు ముఖం అంత విప్పారుతోంది. మాలకొండమ్మ చివరి చెంబు తిప్పి, వారానికి చెప్పవలసింది చెప్పి, పాపను తువ్వాల్లో చుట్టి భుజాన వేసుకుంది.

"మీ పేరు మీద ఒకటి నింపాలమ్మా," అన్నాడు భుజంగరావు. "ఆయుష్షు ఎంతవరకు కోరుతున్నారు అన్న గడి ఇది. ఎంత రాయమంటారు?"

"నాకా?"

"మీకే. వారాలైనా సరే, ఏళ్ళయినా సరే. రెండు వందల దాకా రాయొచ్చు."

ఆ ప్రశ్న ఆమెను అంతవరకు ఎవరూ అడగలేదు. పాప ఆమె మెడ దగ్గర ముఖం పెట్టి ఏదో వెతుకుతోంది.

"దీనికి నడకొచ్చిందాకా రాయండి సారూ."

"ఈ గడిలో అంకే పడుతుందమ్మా."

"దానికెప్పుడు నడకొస్తదో అంకె నాకేం తెలుసు? అది నడవాల, నేను చూడాల. ఆ మాట రాయండి."

భుజంగరావు పెన్ను గడి మీద పెట్టాడు. అధికారి అడగవలసిన ప్రశ్నే అయినా ఎందుకో ఆయన గొంతు తగ్గింది.

"నడక వచ్చినాక?"

"అప్పుడు రా నాయనా," అంది మాలకొండమ్మ పాప వీపు నిమురుతూ. "అప్పుడింకోటి అడుగుతా."